తటస్థ జలాల్లో ధర్మసంకటం

1940 ఫిబ్రవరి 16 రాత్రి నార్వేలోని యోసింగ్‌ఫియర్డ్ అనే ఇరుకు సముద్రపాయలో బ్రిటిష్ డిస్ట్రాయర్ కొసాక్ సిబ్బంది జర్మన్ ఓడ ఆల్ట్‌మార్క్ మీదకు దూకి, అడుగు అరల్లో మగ్గుతున్న 299 మందిని విడిపించారు. వాళ్లు గ్రాఫ్ ష్పే అనే యుద్ధనౌక ముంచేసిన వర్తక ఓడల నావికులు. పోరులో కొందరు జర్మన్లు చనిపోయారు. నార్వే అప్పటికి ఏ పక్షమూ చేరలేదు. తన జలాల్లో దాడి చేయడం అన్యాయమని నిరసన తెలిపింది. తటస్థ దేశాల జలాల్లో పోరును నిషేధించే 1907 హేగ్ ఒప్పందం చూస్తే ఆ మాట కాదనలేం. అయినా ఆ రాత్రి జరిగింది ధర్మమేనని నా అభిప్రాయం.

నార్వే అధికారులు అంతకుముందే ఆ ఓడను ఆపారు, ఎక్కారు, కాగితాలు చూశారు. అరలు మాత్రం తెరవలేదు. కింద బందీలు ఈలలు ఊది, ఇనుప గోడలు బాదితే, ఆ గోల వినపడకుండా పైన జర్మన్లు వించ్‌లు నడిపారు. నిండు సభలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలు నోరు మెదపనప్పుడు, జవాబివ్వని సభ్యులకూ అధర్మంలో వాటా ఉంటుందని విదురుడు హెచ్చరించాడు. పక్కనే జర్మనీ పొంచి ఉన్న చిన్న దేశం భయపడిందంటే అర్థం చేసుకోగలను. కానీ ఆ భయానికి మూల్యం అరల్లో ఉన్నవాళ్లు ఎందుకు చెల్లించాలి? తటస్థుడు యుద్ధానికి దూరంగా ఉండవచ్చు, తన గడపలోని బందీల మొరకు మాత్రం దూరంగా ఉండలేడు.

బలవంతుడు ప్రతివాడూ ఇదే సాకుతో ఎల్లలు దాటితే చిన్న దేశాలకు దిక్కేదని అడగవచ్చు. ఇది బరువైన అభ్యంతరం. అందుకే హద్దులు గీయాలి: ముందు అడగాలి, బందీల కోసమే వెళ్లాలి, పని కాగానే వెనుదిరగాలి. కొసాక్ కెప్టెన్ వియన్ ఓడను ఇరుపక్షాలూ కలిసి సోదా చేద్దామని ముందు అడిగాడు, నార్వే ఒప్పుకోలేదు. బందీలు దొరకగానే అతను వెళ్లిపోయాడు. ఈ కొలతకు బ్రిటన్ కూడా అతీతం కాదు. స్వీడన్ ఇనుప ఖనిజం జర్మనీకి చేరకుండా అదే ఏడాది ఏప్రిల్ 8న బ్రిటన్ నార్వే జలాల్లో మందుపాతరలు పరిచింది. అక్కడ విడిపించాల్సిన బందీ ఒక్కడూ లేడు. ఫిబ్రవరి దాడిని సమర్థించే నేను ఏప్రిల్ పనిని సమర్థించను.