కాదనలేని తల్లిని అడిగేటప్పుడు

భూమిపూజలో మేం చేసేది నిజానికి ఒక్కటే పని: అడగడం. గణపతి, వాస్తుపురుషుడు, నవధాన్యాలు, గునపానికి పసుపు అన్నీ ఆ అడగడం చుట్టూ అల్లుకున్నవే. పొద్దున మంచం దిగుతూ కాలు మోపుతున్నందుకే మన్నించమనే ఆచారం మనది. అలాంటప్పుడు గునపం దించే ముందు ఒక మాట అడగడంలో వింతేమీ లేదు. వింతల్లా, జవాబు కోసం ఎవరూ ఆగకపోవడం. కొబ్బరికాయ పగలగానే గునపం దిగుతుంది. హోసూరు చుట్టుపక్కల ఇళ్ళకు, సిప్కాట్ పారిశ్రామికవాడ షెడ్లకు, గులాబీల పాలీహౌస్‌లకు ఎన్నో పూజలు చేయించాను. భూదేవి ఒప్పుకోలేదంటూ ముగ్గు చెరిపి వెనక్కి వెళ్ళిన యజమాని ఒక్కడూ కనబడలేదు. ఎదుటివాళ్ళకు కాదనే దారే లేనప్పుడు మనం చేసేది అడగడమేనా?

ఇంటి విషయంలో ఈ ప్రశ్న పెద్దగా గుచ్చుకోదు. పునాది తవ్వుతాం, పూడుస్తాం, పైన మనుషులు బతుకుతారు. క్వారీ సంగతి వేరు. హోసూరు నుంచి కృష్ణగిరికి 44వ నంబరు హైవే మీద వెళ్తుంటే శూలగిరి దాటే లోపే తెలుస్తుంది, ఇది బండల సీమ అని. బర్గూరు వైపు గ్రానైటు దిమ్మెలు, ఇటు జల్లి అనే కంకర, ఎం-శాండ్ అనే రాతి ఇసుక, మొరం. బెంగళూరు పెరిగేకొద్దీ ఇక్కడి గుట్టలు తరుగుతున్నాయి. హోసూరులో చంద్రచూడేశ్వరుడు వెలిసిన కొండను ఎవరూ ముట్టుకోరు. గుడిలేని గుట్ట మాత్రం సర్వే నంబరు అయిపోతుంది. దేవుడు ఒక కొండమీద ఉంటాడు, పక్క గుట్టమీద ఉండడు అన్న నమ్మకం ఏ శాస్త్రంలోదో నేనైతే చదవలేదు.

శాస్త్రం అంటే గుర్తొచ్చింది. తవ్వే మనిషి ప్రార్థన మన దగ్గర చాలా పాతది. అథర్వవేదం పన్నెండో కాండ భూమి సూక్తంతోనే మొదలవుతుంది, 63 మంత్రాలు. అందులో ఒకచోట ఋషి తవ్వనివ్వమని ఊరికే బతిమాలి ఊరుకోడు. తాను తవ్విన చోట త్వరగా మళ్ళీ మొలవాలంటాడు. తవ్వకం భూమి ఆయువుపట్టుకు, గుండెకు తగలకూడదంటాడు. ఆమె నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి, చెప్పాల్సిన హద్దు తానే చెప్పుకుంటున్నాడు. మేం పూజలో ఆ వినయాన్ని నిలుపుకున్నాం, షరతును వదిలేశాం. దుంప కోసం తవ్విన గుంత తిరిగి మొలుస్తుంది, రాయి మొలవదు. ఆ మంత్రం ముందు క్వారీ నిలబడే దారి ఒకటే కనిపిస్తుంది నాకు: మొలకెత్తేదాన్ని ముందు కాపాడి, మొలకెత్తనిదాన్ని తర్వాత తీసుకోవడం.

మరి ఆ గుండె మా నేలలో ఎక్కడుంది? బావులు తవ్వేవాళ్ళను అడిగితే చెబుతారు. పైన జానెడో మూరెడో సాగు మట్టి. దాని కింద వానకు, ఎండకు కుళ్ళిన రాయి. దాన్నే మొరం అంటాం, ఆఫీసు కాగితాల్లో గ్రావెల్. ఆ కింద గట్టి బండ, బండలో పగుళ్ళు. వాన నీళ్ళు ఇంకి నిలిచేది ఆ మొరంలో, పారేది ఆ పగుళ్ళలో. బావిలో జల పడిందంటే పగులు దొరికిందన్నమాట. ఇప్పుడు క్వారీ చేసే పని వరుసగా చూడండి: ముందు మట్టి ఎత్తేస్తుంది, తర్వాత మొరం తీసి అమ్ముతుంది, ఆపైన బండను పేల్చుకుంటూ దిగుతుంది. గుంత పక్క బావి కంటే లోతుకు దిగిన రోజు నుంచి నీళ్ళు పల్లాన్నే వెతుక్కుంటాయి.

నేనెరిగిన ఒక రైతు బావి అలాంటి గుంత పక్కనే ఉంది. రాతి వరసల్లో పాత నీటిమట్టం తెల్లటి గీతలా ఇంకా కనబడుతుంది. దానికి చాలా కింద తడి మరక ఒకటి, అంతే. గట్టుకు అవతల క్వారీలో మోటారు ఆడుతోంది, నల్ల పైపు నీళ్ళను వంకలోకి కక్కుతోంది. ఆ నీళ్ళు ఎవరివి? గుంతలో ఊరాయి కాబట్టి గుంత వాళ్ళవంటారు వాళ్ళు. ఆయన చేలో అనప పూత మీద సన్నని బూడిదరంగు పొడి. ఆకును వేలితో రుద్దితే వేలు తెల్లబడుతుంది, ఆకు పచ్చబడుతుంది. తూము లేని చెరువైనా బాగుచేసుకోవచ్చు గానీ పగులు మారిన జలను ఎవరు తిప్పుతారు అన్నాడాయన.

చట్టానికి కళ్ళు లేవని అనను. తమిళనాడు చిన్నతరహా ఖనిజాల నిబంధనలు 1959 నాటివి. నివాసాలకు 300 మీటర్ల లోపు క్వారీ తవ్వకూడదని వాటిలో ఉంది. పొరుగు పొలం గట్టుకైతే గని నిబంధనల ప్రకారం వదలాల్సింది 7.5 మీటర్లు. మనిషి పడుకునే చోటుకు అంత దూరం, వాడికి అన్నం పెట్టే చోటుకు ఇంత. ఈ దూరాల్లో నీళ్ళ లెక్క కనబడదు. ఎంత చిన్న క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పాక కాగితాలు పెరిగాయి. పెరగడం మంచిదే.

తవ్వాలా వద్దా అన్న ఈ చిక్కును జైనులు ముందే తెంచేసుకున్నారు. శ్రావకులు చేయకూడని 15 వృత్తులలో నేలను బద్దలుకొట్టి బతకడం ఒకటి. బౌద్ధ భిక్షువుకు మట్టి తవ్వడమే దోషం. మనవాళ్ళు అంత దూరం పోలేదు. పోనందుకు నాకేమీ బాధ లేదు. తవ్వకుండా ఊరు లేదు, బావి లేదు, గుడీ లేదు. శూలగిరి దగ్గర మల్లచంద్రం కొండమీద వేల ఏళ్ళనాటి రాకాసి గుళ్ళున్నాయి, పలకలు నిలబెట్టి కట్టిన సమాధులు. అవి కట్టినవాళ్ళూ కొండ రాయినే తీసుకున్నారు. కొండ మాత్రం ఇంకా కొండగానే ఉంది.

కాదనలేనివాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలి అన్నది గుళ్ళో పుట్టి పెరిగిన నాకు కొత్త ప్రశ్న కాదు. గుడి మాన్యం దేవుడిది, ధర్మకర్తది కాదు. చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరే; ఆయన ఆస్తిని చూసుకునేవాడు దాన్ని తన లాభానికి వాడుకోకూడదు. 1925లో అప్పటి పైకోర్టు ప్రివీ కౌన్సిల్ ముందుకు కలకత్తా మల్లిక్ కుటుంబం వివాదం వచ్చింది. ఇంటి విగ్రహాన్ని ఎక్కడ ఉంచాలన్నదే తగువు. ఆ పెద్దలు విగ్రహం ఇష్టాన్ని కూడా వినాలన్నారు. అందుకోసం, తగువులో ఏ లాభమూ లేని ఒకరిని దాని తరఫున నిలబెట్టమన్నారు. తెల్లదొరలు చెప్పారని కాదు గానీ, ఇంత సూటిగా మన పండితులెవరూ చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఆ ఆలోచన దేవుడి దగ్గరే ఆగలేదు. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల స్థలాలను ఇళ్ళకు కట్టబెట్టిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ప్రభుత్వం నీటివనరులకు యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే అన్న అర్థంలో తీర్పిచ్చింది. మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2022 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసి ప్రకృతి మాతను హక్కులున్న వ్యక్తిగా ప్రకటించింది. మేం పూజలో తల్లీ అని పిలిచేదాన్ని కోర్టు కూడా అలాగే పిలిచిందన్నమాట.

అయితే లాభం లేని ఆ ఒకరు ఎవరు? క్వారీ యజమాని కాదు. రాయల్టీ వసూలు చేసుకునే ప్రభుత్వమూ పూర్తిగా కాదు. దక్షిణ తీసుకునే నేనూ కాదు, ఆ మాట దాచడం ఎందుకు. నా చేతిలో ఉన్నది సంకల్పం ఒక్కటే. సంకల్పంలో యజమాని ఏ నదుల మధ్య ఉన్నాడో, ఏ తిథిన, ఏ గోత్రంవాడో, ఏ పని చేయబోతున్నాడో చెప్పుకుంటాడు. అంత వివరంగా మాట్లాడే చోట హద్దు ఒక్కటీ చెప్పకపోవడానికి కారణం కనబడదు నాకు.

ఈమధ్య క్వారీ పెద్దది చేస్తున్నామని, పక్క పొలం కూడా తీసుకున్నామని, మంచిరోజు చూసి పూజ చేయించమని ఒక యజమాని వచ్చాడు. మంచివాడే, ఊళ్ళో బడికి ఫ్యాన్లు ఇచ్చాడు. చేయిస్తాను, కానీ సంకల్పంలో మూడు మాటలు నీ నోటితో చెప్పాలి నాయనా అన్నాను: ఎంత లోతు దిగుతావో, పై మట్టి ఎక్కడ పోగుపెట్టి తిరిగి ఎక్కడ పరుస్తావో, పొరుగు బావి ఎండితే నీ గుంత నీళ్ళు ఎటు మళ్ళిస్తావో.

"మీ ఇల్లు దేంతో కట్టినారు సామీ? ఆ జల్లి మా గుట్టదే కదా" అన్నాడు.

నిజమే అన్నాను. అందుకే పూజ చేయననడం లేదు. నా ఇంట్లో ఆ జల్లి ఉండబట్టే ఈ మూడూ అడిగే బాధ్యత నా మీద ఉంది. అడగకపోతే ఆ జల్లిలో పొరుగువాడి బావి కూడా కలిసినట్టే.

"లోతు ప్లాన్ కాగితంలో ఉంది, ఆఫీసుకు ఇచ్చినాం. అది మంత్రంలో ఎందుకు?"

ఆఫీసుకు చెప్పగలిగింది భూదేవికి చెప్పడానికేం అన్నాను. మట్టి మాటకు ఒప్పుకున్నాడు. నీళ్ళ మాటకు కాసేపు నసిగి, బావి యజమానితో మాట్లాడి చెబుతానన్నాడు. లోతు మాత్రం వద్దన్నాడు, సంకల్పం చెప్పాక దాటితే దోషం కదా అని. ఆఫీసులో దాటితే ఏమవుతుందని నేనడగలేదు. పంచాంగం తీసి, బావి సంగతి తేలడానికి వ్యవధి ఉండేలా తర్వాతి నెలలో రెండు తిథులు రాసిచ్చాను.