పుల్ల పుల్లా చేరితే

కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో అడవి నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే స్త్రీలను మనం చూస్తూనే ఉంటాం. ఆ మోపులోని ఏ ఒక్క పుల్లతోనూ అన్నం ఉడకదు. అన్నీ కలిస్తే ఇంటిల్లిపాదికీ వంట అవుతుంది. చిన్న పాపాల గురించి హెచ్చరిస్తూ దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇలాంటి పోలికే చెప్పారు. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. కొందరు ఒక లోయలో దిగారు. ఒకరు ఒక పుల్ల, మరొకరు ఇంకో పుల్ల తెచ్చారు. చివరికి రొట్టెలు కాల్చుకోవడానికి సరిపడా పోగయింది. అల్పమని తోసిపుచ్చిన పాపాలు కూడా ఇలాగే పోగై మనిషిని నాశనం చేస్తాయన్నది దాని సారాంశం.

పాపం అనగానే మనకు హత్య, వ్యభిచారం, సారాయి గుర్తుకొస్తాయి. వాటికి దూరంగా ఉన్నాం కాబట్టి నిశ్చింతగా ఉంటాం. ఏజెన్సీ సంతలో తక్కెడ దగ్గర జరిగేది మాత్రం మనకు పాపంలా తోచదు. కోయ సోదరుడు ఇప్పపువ్వో, చింతపండో, కుంకుడుకాయలో తెస్తాడు. ముల్లు కాస్త అటు వాలితే ఏమవుతుందని అనుకుంటాం. వేసవిలో తునికాకు కట్టకు 50 ఆకులుండాలి. ఆకు చినిగిందనో, కట్ట చిన్నదనో సాకు చెప్పి వందకు రెండు కట్టలు కొసరు వేయించుకుంటే అది తెలివి అనిపిస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరాకు పేరే ‘అల్ ముతఫ్ఫిఫీన్’, అంటే కొలతల్లో తగ్గించేవారు. తమకు రావలసింది నిండుగా తీసుకుని, ఇతరులకు ఇవ్వవలసింది తగ్గించేవారికి వినాశనం తప్పదని అది హెచ్చరిస్తోంది. రెండు కట్టలను మనం చిన్నవిగా చూస్తున్నాం, అల్లాహ్ వాటి కోసం ఒక సూరాను అవతరింపజేశాడు!

సంతలో ఈ అన్యాయం కొత్తదేమీ కాదు. గిరిజనుల అటవీ ఉత్పత్తులకు న్యాయమైన ధర దక్కాలని 1956లో ప్రభుత్వం గిరిజన సహకార సంస్థను నెలకొల్పవలసి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చి, అది చాలక 1970లో దాన్ని మరింత కఠినం చేయవలసి వచ్చింది. మనమంతా 1/70 అని పిలిచేది దాన్నే. ఎకరాలకు ఎకరాలు చేతులు మారడానికి దారి ఎక్కడో గిద్దెడు ఉప్పు అప్పుతోనే మొదలై ఉంటుంది.

అయినా ఈ చేయి తోటి బస్తీ వ్యాపారి ముందు ఎందుకు వణుకుతుంది, అడవి మనిషి ముందు ఎందుకు వణకదు? ‘వాడికేం తెలుస్తుంది’ అన్న భావమే కారణం. చిన్న పాపానికి వేరు ఇక్కడ ఉంది. ఆవగింజంత గర్వం ఉన్నవాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (స) అన్నప్పుడు, మంచి బట్టలు ఇష్టపడటం కూడా గర్వమేనా అని ఒకరు సందేహపడ్డారు. కాదు, సత్యాన్ని తిరస్కరించడం, ప్రజలను తక్కువగా చూడటం గర్వమని ఆయన వివరించారు (సహీహ్ ముస్లిం). ఇబ్లీస్ చేసింది కూడా అదే కదా! తాను అగ్ని, ఆదం మట్టి అన్నాడు.

ఈ రోగం భక్తిపరులకే త్వరగా సోకుతుంది. నమాజు, ఉపవాసం చక్కగా సాగుతుంటే లోపల ఒక తృప్తి బయలుదేరుతుంది. మన క్రైస్తవ సోదరులు చదివే లూకా సువార్త 18వ అధ్యాయంలోనూ హజ్రత్ ఈసా (అలై) చెప్పినట్టుగా ఇలాంటి ఉపమానమే ఒకటి ఉంది. తాను ఇతరుల్లాంటివాణ్ణి కానని ప్రార్థనలో చెప్పుకున్న ధర్మనిష్ఠాపరుడు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు. తలెత్తడానికి కూడా సిగ్గుపడిన పన్ను వసూలుదారు దేవుని ముందు నిర్దోషిగా వెళ్ళాడు.

హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహచరుడు ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరిచారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. సేవకులు మీ సోదరులేనని, మీరు తినేదే వారికి పెట్టాలని, మీరు తొడిగేదే వారికి తొడిగించాలని బోధించారు. తర్వాతి కాలంలో రబజాలో అబూజర్ (రజి)ను చూసినవారు, ఆయన ఒంటిమీద ఎలాంటి వస్త్రం ఉందో ఆయన సేవకుని మీదా అలాంటిదే ఉండటం చూసి ఆశ్చర్యపోయారు (సహీహ్ బుఖారీ). ఒక్క మాట అది, మనలో చాలామంది రోజుకు పదిసార్లు అనే మాట. ఆయన మాత్రం దాన్ని చిన్నదనుకోలేదు.

ఇక తౌబా సంగతి. దైవానికీ దాసునికీ మధ్య ఉన్న తప్పు కన్నీటితో తీరవచ్చు. సాటి మనిషి హక్కు అలా తీరదని ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పారు. సొమ్ము తిరిగివ్వాలి, లేదా అతను మనస్ఫూర్తిగా మాఫీ చేయాలి. హక్కుదారు ఎవరో ఎంత వెదికినా తెలియకపోతేనే అతని పేరున దానం చేసే వెసులుబాటు ఉంది. రమజాన్‌లో నాలుగు డబ్బులు పంచి లెక్క తీరిందనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. సంతకు వచ్చే మనిషి గూడెం మనకు తెలుసు. ఏ వారం వస్తాడో కూడా తెలుసు.