కుదురులేని కుమారుని ఏ బడికి పంపుదము?



సెంటినరీ కాలనీ క్వార్టరులో కాపురమున్న యొక సింగరేణి కార్మికుని తలంచుకొనుడి. కుమారుడు తొమ్మిదవ తరగతి. తెలివిగలవాడే, పాడైన ఫ్యానును విప్పి బిగించును, పాఠమును నోటితో చెప్పుమనిన చెప్పును. కాని పది నిమిషములు కుదురుగా కూర్చుండలేడు. పుస్తకము బడిలో మరచును. పరీక్షలో నాలుగు ప్రశ్నలు చూడకయే కాగితమిచ్చి వచ్చును. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి వచ్చుసరికి బడినుండి ఫిర్యాదు సిద్ధము. "హాస్టలులో వేయుము, నాలుగు దెబ్బలు పడిన దారికి వచ్చును" అందురు పొరుగువారు. వాని సోమరితనమును తీసివేయుమని తల్లి కన్నీళ్లతో ప్రార్థించును.

అది సోమరితనమేనా? 1902లో లండనునందు జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు ఇట్టివారిని గూర్చి ఉపన్యసించుచు, ఇది నీతి నిగ్రహములోని లోపమనెను. తెలివికి కొరతలేనివారిలోను ఇది కలదని ఆయనే చెప్పెను. నేటి వైద్యులు దీనిని ఎ.డి.హెచ్.డి. అందురు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది. నూరుమంది పిల్లలలో సుమారు ఐదుగురికి ఉండును, తరచు వంశములో వచ్చును. నీతి అను మాట వైద్యుల నోటినుండి పోయినది. మన నోటినుండి ఇంకను పోలేదు.

"ఫ్యాను దగ్గర గంటసేపు కూర్చుండువాడు పుస్తకము దగ్గర ఏల కూర్చుండడు?" అని మీరడుగుదురు. చిక్కు అదియే. వానికి ధ్యాస లేకపోలేదు. కోరినచోట దానిని నిలుపలేడు. మరచినందుకు కొట్టినయెడల మరపు పోదు, అబద్ధము నేర్చును. అబద్ధమును దిద్దవలసినదే, కాని దానిని నేర్పినవారము మనమే కాదా?

గనిలో దిగినవారు పైకప్పును కడ్డీతో తట్టి శబ్దము విందురు. బోలుగా మ్రోగినచోట బోల్టు బిగింతురు. కప్పును తిట్టువాడెవడును లేడు.

కాబట్టి మొదట పిల్లల మానసిక వైద్యునికి చూపుడి. ఆయన మందిచ్చిన దానిని అవిశ్వాసమని యెంచకుడి. చదువు, వ్రాత, లెక్కలలో ప్రత్యేక చిక్కు కలదేమో కూడ పరీక్షింపజేయుడి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొనిన 21 వైకల్యములలో ఎ.డి.హెచ్.డి. పేరు లేదు, ఆ అభ్యసన వైకల్యము కలదు. ఈ రెండును తరచు ఒకరియందే కనబడును. పత్రముండిన పరీక్షలో అదనపు సమయము కోరవచ్చును. పదియవ తరగతి ఒక్కసారిగా భారమైనయెడల, 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాలయములో ఒక్కొక్క విషయము చొప్పున ఐదేండ్లలో ముగించుకొనవచ్చును.

ఇక బడి మాట. ఎందరికి మొదటి ర్యాంకు వచ్చెనని అడుగకుడి. తరగతికి ఎందరు? ముందు బల్ల యిత్తురా? పనిని ముక్కలుచేసి యిత్తురా? నడుమ లేచి నడువనిత్తురా? ఫీజు ఎక్కువైన బడి వీటికి ఒప్పుకొనునను నమ్మకము లేదు. దూరపు హాస్టలును నేను ఒప్పను. అక్కడ వాని మరపును కనిపెట్టి యుండువారెవరు? కాలనీలోనే ఇంజనీరింగు కళాశాల యున్నది. దానిని చూచినప్పుడెల్ల తండ్రికి ఆశ పుట్టును, అది తప్పు కాదు. అయితే బడిని ఎన్నుకొనునది ఆ ఆశయా, పొరుగువారి యెదుట సిగ్గా, బిడ్డ యవసరమా?

రెండవ షిఫ్టు వారమున ఉదయము తీరికయే గదా. వానిని వెంటబెట్టుకొని పోయి, ఆ ప్రశ్నలు వాని యెదుటనే అడుగుడి. తిరిగి వచ్చుచు, ఏ బల్ల దగ్గర కూర్చుండిన నీకు పాఠము చెవికెక్కునని వానినే అడుగుడి.