బాల్యదోషము – పెద్దల ఋణము

అణిమాండవ్యుని వృత్తాంతము మహాభారతమున ఆదిపర్వమునందు కలదు. చేయని దొంగతనమునకు ఆ మహర్షి కొఱ్ఱు వేయబడెను. తరువాత ఆయన యమధర్మరాజును సమీపించి, తనకీ బాధ ఏ పాపమునకు ఫలమని ప్రశ్నించెను. పసితనమున కీటకములను గడ్డిపోచలతో గ్రుచ్చిన దానికని యముడు పలికెను. మంచిచెడ్డ లెఱుగని వయస్సులోని చేష్టకు ఇంతటి దండన తగదని మహర్షి కోపించి, మానవుడవై జన్మింపుమని ధర్మునే శపించెను. ఆ ధర్ముడే విదురుడు. అంతటితో ఊరకుండక, 14 ఏండ్ల వరకు చేసిన పనులు పాపముగా లెక్కింపబడరాదని మర్యాద నేర్పరచెను.

ధర్మదేవతయే తలవంచిన తీర్పిది. కాని శరీరధర్మము ఈ మర్యాదను పాటించుచున్నదా? పదునాలుగేండ్ల బాలుడు స్నేహితుల నడుమ మద్యము రుచి చూచినచో పిల్లతనమని లోకము మన్నించును. మెదడు మన్నించునా?

కఠోపనిషత్తు శరీరమును రథముతోను, ఇంద్రియములను గుఱ్ఱములతోను, మనస్సును పగ్గములతోను, బుద్ధిని సారథితోను పోల్చినది. నేటి నాడీశాస్త్రము చెప్పునది ఈ ఉపమానమునకు దూరము కాదు. సుఖమును, ఉత్సాహమును కోరు మెదడుభాగములు కౌమారముననే చుఱుకుదనము పొందును. ముందువెనుకలు ఆలోచించి నిగ్రహించు భాగము నుదుటి వెనుక నున్నది. అది 25 ఏండ్ల ప్రాంతము వరకు పరిణతి చెందుచునే యుండును. గుఱ్ఱములు ముందే బలసినవి. సారథి యింకను విద్య నేర్చుచున్నాడు. ఆ సమయమున మద్యము ప్రవేశించినచో చెడునది ఆ విద్యయే.

అమెరికాలో 1997లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారము, 15 ఏండ్లు నిండకముందే త్రాగుడు మొదలిడినవారిలో నూటికి సుమారు 40 మంది జీవితమున ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలైరి. 20 ఏండ్లు దాటిన పిదప మొదలిడినవారిలో అట్టివారు సుమారు 10 మంది మాత్రమే. వంశము, గృహపరిస్థితులు కూడ ఇందుకు కొంత కారణము కావచ్చును. అవి అడ్డురాని రీతిని శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షలు జరిపిరి. కౌమారదశలో విడతలుగా మద్యమిచ్చి, పిమ్మట మాన్పించినను, పెరిగిన పిదప వానిలో బెదురు, పాత అలవాటును మార్చుకొనలేని మొండితనము, మద్యముపై అధికవాంఛ కనబడినవి. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అను భాగమున క్రొత్తకణముల పుట్టుక తగ్గినది. మద్యము తొలగినను దాని గుర్తు తొలగలేదు.

ఇచ్చట ధర్మసంకట మొకటి యేర్పడుచున్నది. ముప్పదియేండ్ల త్రాగుబోతును లోకము నిగ్రహము లేనివాడని నిందించును. ఆ నిగ్రహశక్తి పెంపొందవలసిన కాలముననే గాయపడినచో, ఆ నింద ఎవరికి చెందవలెను? మాండవ్యుని మర్యాదను బట్టి చూచినచో బాలునకు కాదు. పాపము బాలునకు అంటనంత మాత్రమున అది లేకపోలేదు. గ్లాసు నందించిన చేతికి అంటును. పెండ్లివిందులో, జాతరలో, "ఒక్క గుక్కకేమి" యని నవ్వుచు పోసిన మేనమామ ఆ ఋణమును మోయవలెను. 2015 నాటి బాలన్యాయ చట్టము కూడ, వైద్యుని ఆదేశము లేక బాలునకు మత్తుపానీయ మిచ్చినవారికే ఏడేండ్ల వరకు కఠినకారాగారమును విధించినది.

అయినను పెద్దవాడైన పిదప "నా మెదడే అట్టిది" యని చేతులు ముడుచుకొనుట ధర్మము కాదు. గాయము అతని తప్పు కాకపోవచ్చును. చికిత్స కోరుట అతని విధి. ఆశయు లేకపోలేదు. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో, కౌమారమున మద్యము సోకిన ఎలుకల మెదడులో ఒక జన్యువు పనితీరును సరిదిద్ది, వాని బెదురును, అధికపానమును తగ్గింపగలిగిరి. ఇది ఇంకను మనుష్యులకు మందు కాలేదు. కాని ఆ గుర్తు చెరపరాని బ్రహ్మవ్రాత కాదని తెలిసినది.

మాండవ్యుడు శపించినది బాలుని కాదు, బాలుని దండించిన పెద్దను. పిల్లలకు పాపము లేదని ఆయన చెప్పిన మాట పెద్దలకు ఊరట కాదు, హెచ్చరిక. దేవుని యెదుట తీర్థమునకై చేయి చాచు బాలుడు, ఆ చేతిలో ఏమి పోసినను నమ్మి పుచ్చుకొనును. ఆ నమ్మకమును కాపాడుటయే పెద్దలు చేయదగిన భగవత్సేవ.