ఏ పుస్తకం చదవాలి?

దివ్య ఖుర్ఆన్ అవతరణ ‘చదువు’ అనే ఆజ్ఞతోనే ఆరంభమయింది. ఏదో ఒకటి చదవమని కాదు, సృష్టించిన ప్రభువు పేరుతో చదవమని. కనుక ‘బిస్మిల్లాహ్’ అని తెరవడానికి నోరు రాని పుస్తకాన్ని మేము అసలు తెరవము. ఇది మా మొదటి నియమం. దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

రెండవది ఆయుష్షుకు సంబంధించినది. రోజుకు పది పేజీలు చదివే వ్యక్తి ఏడాదికి 3,650 పేజీలు, అంటే 200 పేజీల పుస్తకాలు 18 మాత్రమే చదవగలడు. నలభై ఏళ్ళు మానకుండా చదివినా 730. వేటపాలెంలో 1918లో ప్రారంభమైన సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళితే, అతను జీవితమంతా చదివేది కొన్ని బీరువాలకు మించదు. ఆయుష్షును ఎందులో గడిపావని, నేర్చిన జ్ఞానాన్ని ఎంతవరకు ఆచరించావని ప్రళయదినాన నిలదీయడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ప్రయోజనం లేని జ్ఞానం నుండి ఆయన అల్లాహ్ శరణు వేడుకునేవారు.

అయితే ప్రయోజనం అంటే ఏమిటి? ధార్మిక గ్రంథాలు తప్ప తక్కినవన్నీ వ్యర్థమని కొందరు సోదరులు భావిస్తారు. ఇది సరైన అభిప్రాయం కాదు. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో వైద్యాన్ని, గణితాన్ని, చివరకు సేద్యాన్ని, నేతపనిని కూడా ఫర్జె కిఫాయాగా, అంటే సమాజంలో కొందరైనా తప్పక నేర్వవలసిన విద్యలుగా పేర్కొన్నారు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను తుడిచిపెట్టింది. విచక్షణ లేకుండా మందులు కొట్టేకొద్దీ మిత్రపురుగులు చచ్చి, అది మరింత పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ సంగతి వివరించే చిన్న పుస్తకం చదివి పొరుగు రైతుకు చెప్పడం, సంకల్పం మంచిదైతే, పుణ్యకార్యమే.

ఇక మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: ఈ మాట ఎక్కడి నుండి వచ్చింది? హదీసువేత్తలు సనద్ లేని మాటను స్వీకరించేవారు కాదు. మనవాళ్ళేమో “అచ్చయింది కదా, అబద్ధమెలా అవుతుంది?” అంటారు! మదీనాకు చెందిన షేఖ్ అహ్మద్ కలగన్నాడని, కాపీలు వేయించి పంచకపోతే కష్టాలొస్తాయని బెదిరించే కరపత్రం తరాలుగా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లోకి ఎక్కింది. 1943లో ఇహలోకం వీడిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ‘బిహిష్తీ జేవర్’లో మేలు చేసే పుస్తకాలతోపాటు హాని చేసే పుస్తకాల పేర్లూ ఇచ్చారు. ఆ రెండో జాబితాలో ‘అలిఫ్ లైలా’ ఒక్కటే లేదు, ఫాల్‌నామా, హజ్రత్ అలీ (రజి) పేరిట అల్లిన జంగ్‌నామా కూడా ఉన్నాయి. అట్ట మీద కాబా బొమ్మ ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట. యార్డుకు వేసే ముందు కల్లంలో తాలు కాయలు ఏరే ఓపిక మన ఆడవాళ్ళకుంది. ఆ ఓపిక పుస్తకాల దగ్గర ఎందుకుండదు?

రచయిత మతం మాకు గీటురాయి కాదు. తెలుగులో తొలి ఖుర్ఆన్ అనువాదం చేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కారు.

మరి ఇస్లాంను విమర్శించే పుస్తకాల మాటేమిటి? జవాబు చెప్పగలిగే పండితులు వాటిని తప్పక చదవాలి. నమాజు అర్థమే తెలియని యువకుడు ముందుగా దాన్ని నేర్చుకోవాలి. అయినా అలాంటి పుస్తకమేదో అతని చేతికి వస్తే, ఇమామ్ సాబ్ దగ్గర కూర్చుని చదవనివ్వండి, అడగనివ్వండి. కసిరి పంపేస్తే అతను చదవడం మానడు, మనకు కనబడకుండా చదువుతాడు.