అనుమాన ప్రమాణం, రాజమండ్రి నల్లరాయి

ఎవరూ కళ్లారా చూడని సంఘటన జరిగిందని రూఢిగా చెప్పవచ్చునా? భారతీయ దర్శనాలు తరతరాలుగా వాదించుకున్న ప్రశ్న ఇది. ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదన్నారు చార్వాకులు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు అనుమానాన్నీ (తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించడాన్నీ) ప్రమాణంగా నిలబెట్టారు. గౌతముని న్యాయసూత్రాల్లోని మూడు అనుమానాల్లో శేషవత్తు ఒకటి: కార్యాన్ని బట్టి కారణాన్ని తెలుసుకోవడం. ఏరు నిండుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని గ్రహించడం దీనికి వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ. ప్రాచీన అగ్నిపర్వత శిలలపై భూరసాయన శాస్త్రం జరిపే విచారణ ఈ కోవలోదే.

రాజమండ్రి దగ్గర గోదావరికి ఒక గట్టున కాతేరు, మరో గట్టున పంగిడి, గౌరీపట్నం. అక్కడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి బసాల్ట్. వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు. లావా పొరల నడుమ శిలాజాలున్న సున్నపురాయి, బంకమట్టి కనిపిస్తాయి. అంటే ఒక ప్రవాహం చల్లారాక మరొకటి వచ్చేలోగా అక్కడ నీరు నిలిచి, జీవులు బతికేంత వ్యవధి గడిచింది. దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రధాన విస్తీర్ణం ఇక్కడికి వందల కిలోమీటర్ల అవతలే ఆగిపోతుంది. అయినా ఈ రాయిలో టైటానియం, జిర్కోనియం, నియోబియం పాళ్లు, స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి పడమటి కనుమల్లోని అంబెనళి, మహాబలేశ్వర్ పొరలకు సరిపోలాయి. శిలలో నిలిచిపోయిన అయస్కాంత దిశల వరుసా కలిసింది. పాత నదీలోయల వెంట లావా దాదాపు వేయి కిలోమీటర్లు పారి వచ్చిందన్న వాదానికి బలం ఇదే.

అన్ని హేతువులూ ఇంత గట్టివి కావు. ఆండీస్‌లో వలె ఒక భూఫలకం మరోదాని కిందికి దిగేచోట పుట్టే లావాలో నియోబియం, టాంటలం తక్కువ. అలాగని ఆ లోటున్న ప్రతి పాత రాయీ అలాంటి చోటే పుట్టిందనడం తొందరపాటు. పైకి వచ్చే శిలాద్రవం ఖండపు శిలలను కరిగించి కలుపుకున్నా అదే లోటు ఏర్పడుతుంది. సాధ్యం, అంటే నిరూపించదలచినది, లేనిచోటా కనిపించే ఇలాంటి హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. నిప్పును చూసి పొగ ఉందనడం చెల్లదని, తడి కట్టె అక్కడ ఉపాధి, అంటే దాగి ఉన్న షరతు, అని తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చూపాడు. శిలల విషయంలో ఆ ఉపాధిని వెదికిపట్టేవి ఐసోటోపులు. రుబిడియం-87 క్షీణించి స్ట్రాన్షియం-87గా మారుతుంది. రుబిడియం ఎక్కువున్న పాత ఖండశిలల్లో ఈ స్ట్రాన్షియం పేరుకుంటుంది గనుక లావాలో దాని పాలు పెరిగితే కల్తీ బయటపడుతుంది.

దక్కను లావా ఎందుకు పుట్టిందన్న ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. భూమి లోతుల నుంచి లేచిన వేడి స్తంభం కారణమని ఎక్కువమంది అంటారు. ఆ స్తంభమే నేడు రీయూనియన్ దీవి కింద ఉందని వారి వాదం. ఖండం సాగి చీలడానికి పెద్దపీట వేసేవారూ ఉన్నారు. రాళ్ల పోలికను స్థాపించిన హేతువులు మూలకారణాన్ని అంత దృఢంగా స్థాపించలేవు. ఎవరూ చూడలేదని అనుమానాన్ని తోసిపుచ్చడం ఎంత తప్పో, ఉపాధిని వెదకకుండా తీర్పు చెప్పడం అంతే తప్పు.