చక్రవర్తి పశ్చాత్తాపము

సంఘ చరిత్రను చదివిన వారిలో అనేకులకు ఒక దృశ్యము జ్ఞాపకముండును. మిలాను పట్టణములో దేవాలయ ద్వారమునొద్ద రోమా చక్రవర్తి థియొడోసియసు నిలిచియున్నాడు. బిషప్పు అంబ్రోసు అతనిని లోనికి రానీయక ఆపుచున్నాడు. రూబెన్సు వంటి చిత్రకారులు దీనిని చిత్రించిరి. మన ప్రసంగ వేదికలమీద ఇది పలుమారులు వినబడినది. అయితే ఈ ద్వారపు కథ సుమారు అర్ధ శతాబ్దము తరువాత థియొడొరేతు వ్రాసిన గ్రంథమునుండి వచ్చినది. జరిగినది ఇంతకంటె నిరాడంబరమైనది, నా దృష్టిలో ఇంతకంటె గొప్పది. అంబ్రోసు ఒక ఉత్తరము వ్రాసెను.

క్రీ.శ. 390లో థెస్సలొనీకలో జనులకు ప్రియుడైన ఒక రథసారథిని సేనాధిపతి బుథెరికు చెరలో వేయించెను. జనసమూహము అల్లరిచేసి సేనాధిపతిని చంపెను. చక్రవర్తి ఉగ్రుడై ప్రతీకారమునకు ఆజ్ఞ ఇచ్చెను. పిదప దానిని రద్దుచేసెను గాని ఆలస్యమైపోయెను. సైనికులు దోషి యెవడో నిర్దోషి యెవడో చూడక పట్టణస్థులను నరికిరి. చనిపోయినవారు ఏడువేలమందియని థియొడొరేతు చెప్పును. ఆ సంఖ్యను అక్షరాల నమ్మనక్కరలేదు. ఆ పట్టణములోనే, పది సంవత్సరములకు ముందు, 380లో, థియొడోసియసు రోగియై బాప్తిస్మము పొందియుండెను.

అంబ్రోసు అనారోగ్యమను కారణము చెప్పి మిలాను విడిచివెళ్లెను. చక్రవర్తి ఒక్కడే చదువవలెనని స్వహస్తముతో ఉత్తరము వ్రాసెను. దావీదును, నాతానును జ్ఞాపకము చేసెను. నీ సమక్షమున ప్రభు భోజన సంస్కారమును నేను జరిగింపజాలనని తెలిపెను. ఇందులో బహిరంగ నింద లేదు. చక్రవర్తి లోబడుటకు చోటు విడిచిన ప్రేమ ఉన్నది. చక్రవర్తి రాజచిహ్నములను తీసివేసి సంఘమెదుట ఏడ్చెను. నెలలు గడచిన పిదప మరల సంస్కారములో పాలుపొందెను.

అనువాదపు పనిలో నున్నవారికి ఇక్కడ ఒక సంగతి తట్టును. తెలుగులో మనకు రెండు మాటలున్నవి. పశ్చాత్తాపమనగా జరిగిన తరువాత కలుగు తాపము. మారుమనస్సనగా మనస్సే వేరగుట; గ్రీకు మూలములోని 'మెతనోయియ'కు ఇదియే దగ్గర. తాపము చల్లారవచ్చును. మారిన మనస్సు చేతలలో కనబడవలెను. మరణశిక్షను ముప్పది దినములు నిలుపవలెనను చట్టమును ప్రాచీన చరిత్రకారులు ఈ సంఘటనతో ముడిపెట్టిరి. చట్టసంహితలో దాని తేది 382 అని యుండుటచే పండితులు నేటికిని వాదించుచున్నారు. ఆ వాదము ఎట్లున్నను, కోపములో ఇచ్చిన ఆజ్ఞకు గడువు పెట్టు చట్టము మారుమనస్సుకు తగిన ఫలమే.

ఇక్కడ ఆపినయెడల మనకు చక్కని ప్రసంగము దొరకును. ఆపుట న్యాయము కాదు.

రెండు సంవత్సరములకు ముందు, 388లో, యూఫ్రటీసు తీరమున కాల్లినికము అను పట్టణములో క్రైస్తవులు యూదుల సమాజమందిరమును కాల్చివేసిరి. వారిని పురికొల్పినవాడు అచ్చటి బిషప్పే. ఆ బిషప్పు తన ఖర్చుతో మందిరమును తిరిగి కట్టింపవలెనని థియొడోసియసు ఆజ్ఞాపించెను. పరిపాలకుని ధర్మము అదియే గదా! అంబ్రోసు దీనిని ఎదిరించెను. బిషప్పు లోబడినయెడల విశ్వాసఘాతకుడగును, లోబడనియెడల హతసాక్షియగును అని వాదించెను. యూలియాను కాలములో మన దేవాలయములు కాలినప్పుడు ఎవరు కట్టించిరని అడిగెను. చక్రవర్తి కొంత తగ్గినను చాలలేదు. మిలాను దేవాలయములో ప్రసంగించి, అప్పుడును నాతాను మాటలనే ఎత్తి, మొత్తము విచారణను విడిచెదనని వాగ్దానము చేయువరకు బల్లయొద్దకు పోనని అతని ముఖముమీదనే చెప్పెను. జరిగినదంతయు తన సోదరి మార్కెల్లీనాకు తృప్తితో వ్రాసెను.

నోరు ఒక్కటే, ప్రవక్త పేరు ఒక్కటే, బల్ల ఒక్కటే. ఒకమారు అది చచ్చినవారి పక్షమున మాటలాడెను. మరియొకమారు కాల్చినవారి పక్షమున. రెండుమారులును అంబ్రోసు మనస్సాక్షి నిర్మలముగానే తోచియుండును. నన్ను కలవరపెట్టునది ఇదే. ధైర్యమున్నంతమాత్రమున ప్రవక్త కాడు. ఊరియా పక్షమున మాటలాడినందుననే నాతాను నాతాను. ఊరియా హిత్తీయుడు, అనగా అన్యుడు. మన వారి కొరకు రాజును ఎదిరించుట కష్టమే, కాని అందులో మనకు లాభమున్నది. కాల్లినికపు యూదుని కొరకు మన బిషప్పునే ఎదిరించుటలో ఏ లాభమును లేదు. ఈ దేశములో మన ప్రార్థనామందిరములు చట్టపు నీడను నిలిచియున్నవి. కాల్లినికపు వారికిని ఉండవలసినది ఆ నీడయే.

393 సెప్టెంబరులో థియొడోసియసు మరల చట్టము చేసెను. యూదుల మతమును ఏ చట్టమును నిషేధింపలేదనియు, క్రైస్తవ మతము పేరిట సమాజమందిరములను పాడుచేయువారిని అణచవలెననియు తూర్పు సేనాధిపతికి ఆజ్ఞ పంపెను. మిలానులో పోయిన మాటను కాన్‌స్టాంటినోపులు నుండి తిరిగి తెచ్చుకొనెను. అన్యదేవతల ఆరాధనను అతడే చట్టముచేత అణచియుండెను గనుక అతనిని సహనమూర్తియని పొగడజాలము. అయినను ఇది అతడు చేసినదే.

395 జనవరి 17న అతడు మిలానులో మరణించెను. నలువదియవ దినమున అంబ్రోసు ప్రసంగించుచు, సామాన్యులు సైతము సిగ్గుపడు బహిరంగ పశ్చాత్తాపమునకు చక్రవర్తి సిగ్గుపడలేదని కొనియాడెను. అంబ్రోసు ఇంకను రెండు సంవత్సరములు బ్రదికెను. ఆ రెండేండ్లలో అతని కలమునుండి వచ్చి మనకు మిగిలిన వ్రాతలలో కాల్లినికమును గూర్చిన పశ్చాత్తాపపు మాట ఒక్కటియు లేదు.